ఏ నీళ్ళూ దాటని సామాను

వాడపల్లి రేవులో బల్లకట్టు ఎక్కబోతున్న దయామణికి, తనకు పెళ్ళయిందన్న సంగతి ఇంకొకరు చెబితేగానీ తెలియలేదు.

"ఈయన నీ పెనిమిటేనా బిడ్డా?" అని అడిగాడు రేవులో సుంకం వసూలు చేసే నాకా మున్షీ దస్తగిరి సాబు, కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

దయామణి వెనక్కి తిరిగి చూసింది. ఎద్దుబండి మీద నిలువెత్తు అద్దం, సింహం కాళ్ళ సోఫా, చుట్టచుట్టిన ఎర్ర మఖమల్ తెర, సరస్సూ హంసలూ వేసిన పెద్ద పరదా ఉన్నాయి. బండి పక్కన చెమటలు కక్కుతూ ఒక కుర్రాడు. అతను ఆమె వంక చూస్తున్న చూపు, పరీక్షలో పక్కవాడి పలక వైపు చూసే పిల్లాడి చూపులా ఉంది.

అది నలభై ఆరో సంవత్సరం. కృష్ణకి ఈ ఒడ్డున నైజాం రాజ్యం, ఆ ఒడ్డున పల్నాడు. సరిహద్దు దాటే సరుకుకి రేవులో మహసూలు కట్టాలి. పెళ్ళికూతురి వెంట వెళ్ళే సామానుకి మాత్రం అడగకపోవడం ఆ రేవులో ఆనవాయితీ. ఆ మాట బండివాడి నోట విన్న ఆ కుర్రాడు, జయరాజు, ముందు నడుస్తున్న ఇద్దరు ఆడవాళ్ళని చూశాడు. ఇదంతా మా పెళ్ళి సామాను, అదిగో మా ఆవిడ, ఆ పక్కన మా అత్తగారు అని మున్షీకి చెప్పేశాడు.

అత్తగారని అతను చూపించిన మనిషి దయామణి మేనత్త కరుణమ్మ. నల్గొండలో ఆమె పెద్దకూతురికి పురుడొస్తే చూసి, ఇద్దరూ నరసరావుపేట తిరిగి వెళుతున్నారు.

"కాదు సాబ్," అంది దయామణి. "ఈయనెవరో నాకు తెలీదు."

కోపంగా అనలేదు. ఆమె మిషన్ ఆడపిల్లల బళ్ళో టీచరు. లెక్క తప్పయితే తప్పని చెప్పడం ఆమెకి అలవాటు.

రేవులో ఉన్న జనమంతా నవ్వారు. దస్తగిరి సాబు మాత్రం నవ్వలేదు, కేకలూ వేయలేదు. ఏ ఊరు పోతున్నావని అడిగాడు. నరసరావుపేటలో ఫొటో స్టూడియో పెడుతున్నానని, జైనాబ్ బీ గారి పత్తి గోడౌను అద్దెకు తీసుకున్నానని జయరాజు నసిగాడు.

"జైనాబ్ బీ మా అక్కనే," అన్నాడు మున్షీ. "అక్క ఇంట్ల ఉంటున్నవని మహసూలు మాఫ్ చెయ్యను. నిజంగ పెండ్లి చేసుకొని రా, అప్పుడు చూస్త."

కట్టేటంత జయరాజు దగ్గర లేదు. బండిని వచ్చిన దారినే సికింద్రాబాదు దుకాణానికి తిప్పి పంపాడు. సొంత కెమెరా పెట్టె ఒక్కటే వాడిన సామాను కింద రేవు దాటింది.

బల్లకట్టు మీద అతను ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని ఓ మూల కూర్చున్నాడు. మనిషి మరీ కుంగిపోయి ఉండటం చూడలేక కరుణమ్మ దగ్గరికి పిలిచింది. జొన్నరొట్టె, పండుమిరప పచ్చడి చేతిలో పెట్టి, "ఏందబ్బాయ్, అడగా పెట్టకుండా అత్తని చేసేశావు, ఇంకా తిను," అంది.

తింటూ అతను కథంతా చెప్పాడు. సొంతూరు క్రోసూరు. యుద్ధంలో సైన్యం వాళ్ళ ఫొటోల డిపార్టుమెంటులో పని నేర్చుకున్నాడు. ఈస్టరు ముందు నలభై రోజులూ కిరస్తానీ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు ఉండవు. ఈస్టరు వెళ్ళగానే వరసగా పెళ్ళిళ్ళే, వరసగా ఫొటోలే. ఈస్టరు సోమవారం నాటికి స్టూడియో తెరవకపోతే ఆ గోడౌను బట్టల కొట్టుకి ఇచ్చేస్తానని జైనాబ్ బీ చెప్పేసింది. సోఫా, అద్దం మద్రాసులో కొందామంటే, బయటి దేశం సరుకు మీద యుద్ధంలో పెంచిన సుంకం ఇంకా దిగనే లేదు. సికింద్రాబాదులో తెల్లదొరలు ఇళ్ళు ఖాళీ చేసి పోతూ వదిలేసిన సామాను దుకాణాల్లో చవగ్గా అమ్ముతున్నారని విని ఇంత దూరం వచ్చాడు.

"సముద్రం మీద వస్తే ఓడరేవులో సుంకం, ఏరు మీద వస్తే ఈ రేవులో మహసూలు. నేనేం చెయ్యనండీ?" అన్నాడు.

"ఏ నీళ్ళూ దాటని సామాను చూసుకోరాదూ?" అంది దయామణి.

ఆమె ఆ మాట ఊరికే అంది. అనేశాక తనకే నచ్చినట్టుంది, నీళ్ళకేసి చూస్తూ ఆలోచనలో పడింది.

జయరాజుకి చిర్రెత్తింది. "మీరు ఔనని ఒక్క మాటంటే నా అద్దం ఈపాటికి ఇక్కడుండేది."

"నన్ను ముందు అడిగారా?"

"అడిగితే ఒప్పుకునేవాళ్ళా?"

"ఒప్పుకునేదాన్ని కాదు. కానీ అడిగినట్టుండేది."

అతను మిగిలిన రొట్టె ముక్క నోట్లో పెట్టుకున్నాడు. పచ్చడి కారానికో మరి దేనికో కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కరుణమ్మ మంచినీళ్ళ చెంబు అందించింది.

*

నరసరావుపేటలో ఆ సంగతి వాళ్ళకంటే ముందే రైలు దిగింది. మర్నాడు సాయంత్రం క్షమాపణ చెప్పుకుందామని జయరాజు వాళ్ళింటికి వెళ్ళేసరికి దయామణి నాన్న ఇన్నయ్య మాస్టారు గుమ్మంలోనే పేపరు చదువుకుంటున్నారు. ఆయన మిషన్ బళ్ళో హెడ్మాస్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ఊళ్ళో సగంమంది చెవులు ఆయన చేతిలో నలిగినవే.

"రేవులో నా కూతుర్ని పెళ్ళామన్నది నువ్వేనా?"

"నేనేనండి. ఆవిడ కాదందండి."

ఇన్నయ్య మాస్టారు పేపరు మడిచారు. "కాదంది కాబట్టి లోపలికి రా," అన్నారు.

లోపల దయామణి కాగితం మీద గోడౌను బొమ్మ వేసి పెట్టుకుంది. అతని కోసం కాదట, ఆలోచన వచ్చింది కాబట్టి వేసిందట. ఆ బొమ్మ చూసి జయరాజు క్షమాపణ మర్చిపోయాడు. తూర్పు కిటికీ మూసేయాలి, ఉత్తరం వైపు పైకప్పులో అద్దపు పెంకులు వెయ్యాలి, ఆ వెలుగు వచ్చి పడే గోడ ఒక్కటీ వదిలిపెట్టి మిగతావాటికి మట్టి రంగు వెయ్యాలి. కెమెరా పట్టుకున్నవాడికి తట్టాల్సినవి కెమెరా ముట్టుకోని పిల్లకి తట్టాయి.

"అంతా బాగుంది కానండీ," అన్నాడు, "జనం స్టూడియోకి వచ్చేది వాళ్ళింట్లో లేనిచోట కూర్చోవడానికి. గుంటూరులో హంసలున్నాయి, మేడ మెట్లున్నాయి. నా దగ్గర ఉత్త గోడ ఉంటే ఎవరొస్తారు?"

దయామణి బొమ్మ కాగితం మడిచింది. "చూద్దాం," అంది.

పందెం మాత్రం కుదిరింది. ఏ నీళ్ళూ దాటని సామానుతో గది సిద్ధం చెయ్యాలి. అది చూసి జయరాజు పెదవి విరిస్తే ఆమె ఓడినట్టు. మెచ్చి నోరు తెరిస్తే అతను ఓడినట్టు. మీ కెమెరా మాత్రం ఏ నీళ్ళూ దాటలేదా అని ఆమె అడిగితే, అది వాడిన సామానండీ అని అతను తప్పించుకున్నాడు. పందేనికి మధ్యవర్తి ఇన్నయ్య మాస్టారు. కూతురు ఎక్కడికి వెళితే అక్కడికి ఒక కుర్చీ, ఒక పేపరుతో ఆయనా వెళ్ళేవారు.

*

మొదట గోడ సంగతి. పిడుగురాళ్ళ సున్నం తెప్పించి దయామణి నానబెట్టింది. అందులో కాస్త మసి, కాస్త నీలిమందు కలిపి, కుండకో రకంగా వరసగా పెట్టుకుంది. పై భాగం తెల్లగా, కిందికొచ్చేకొద్దీ ముదురుగా, ఎక్కడ ఏ రంగు ఆగిందో తెలియకుండా తడి మీదే కలిపేసింది. బడి వదిలాక వచ్చి, కొంగు నడుముకు దోపి, నిచ్చెన మీద నిలబడి చీపురుతో ఆమె ఆ గోడని అలుకుతుంటే, కింద కుండ పట్టుకు నిలబడటమే జయరాజు పని. ముక్కు మీద సున్నం పడిందని చెప్పాడు. పడనివ్వండి, అదీ పల్నాడు సరుకే అంది.

ఆరాక ఆ గోడని గాజు ప్లేటు మీద ఫొటో తీసి చూశాడు. పొద్దు వాలేటప్పుడు ఆకాశం ఎలా ఉంటుందో అలా వచ్చింది. ముందు నిలబడిన మనిషి ముఖం, చుట్టూ వెలుగు గీసినట్టు విడిగా కనబడుతోంది. సరస్సు గానీ హంసలు గానీ ఆ పని చెయ్యలేవు. జయరాజు నోరు తెరిచి, ఎందుకైనా మంచిదని వెంటనే మూసుకున్నాడు.

అలాగని ఆమె పట్టిందల్లా బంగారం కాలేదు. మాచర్ల దగ్గరి సుగాలి తండా నుంచి అద్దాలు కుట్టిన తెర ఒకటి ఎంతో ముచ్చటపడి తెచ్చింది. ఫొటో తీస్తే ప్రతి అద్దమూ వెలుగు పట్టుకుని, కరుణమ్మ ముఖం చుట్టూ మిణుగురులు మూగినట్టు వచ్చింది. దయామణి ఆ ఫొటో చూసి అరగంట మూతి ముడుచుకుంది. జయరాజు ఏమీ అనకుండా ఆ తెర తీసి వీధి గుమ్మానికి కట్టాడు. సాయంత్రపు ఎండ తగిలి ఆ అద్దాలు వీధి వీధంతా వెలుగు చల్లాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూడటం మొదలుపెట్టారు. ఆమె మూతి దానంతటదే సర్దుకుంది.

ఇక మిగిలింది కూర్చునే ఆసనం. కుర్చీ పెడదామంటే వంద స్టూడియోల్లో ఉన్నదే. ఆ సమయంలో కరుణమ్మ ఒక కబురు మోసుకొచ్చింది. గురజాల ఆసామి ధనుంజయరావు గారు వసారాలో ఉన్న ఉయ్యాల బల్ల పీకించేసి, సుంకం కట్టి మరీ తెప్పించిన విదేశీ సోఫా వేయించారట. తాతల నాటి ఆ బల్లనీ ఇత్తడి గొలుసుల్నీ పాతసామాను కింద అమ్మేస్తున్నారట.

దయామణి కళ్ళు మెరిశాయి. నాగులేరు దాటి రావాలే, నీళ్ళు దాటినట్టే కదా అని జయరాజు ఏడిపించాడు. ఎండాకాలం నాగులేట్లో కోడిపెట్ట కూడా తడవకుండా నడిచిపోతుంది, అది లెక్కలోకి రాదని మధ్యవర్తి తీర్పు చెప్పారు.

బల్ల రైల్లో వచ్చింది. స్టేషనులో బండ్లన్నీ మిరపకాయ బస్తాలకి పోయి ఒక్కటీ దొరకలేదు. దూరం ఎంతని, మోసుకుపోదామంది దయామణి. ముందు కొస ఆమె, వెనక కొస జయరాజు. సగం దారిలో, వేసవిలో వచ్చే అడ్డదిడ్డపు వాన ఒక్కసారిగా మీద పడింది. ఇద్దరూ బల్లని నెత్తిమీదికి ఎత్తి, దాని కింద నిలబడిపోయారు. ఏగిస చెక్క, ఎంత వాన పడినా చుక్క దిగలేదు. అంచుల వెంట నీళ్ళు నాలుగు వైపులా తెర కట్టినట్టు కారుతున్నాయి.

బల్ల పొడుగ్గా ఉన్నా, మధ్యలో తడవని చోటు కొంచెమే. ఆమె వెనక్కి జరిగింది, అతను ముందుకి జరిగాడు. ఆమె జడ చివర నుంచి ఒక్కో చుక్కా అతని చేతి మీద పడుతోంది. చెయ్యి తీసేస్తే బల్ల పడిపోతుంది కాబట్టి తీయలేదు. బల్ల లేకపోయినా తీసి ఉండేవాడు కాదు.

"మా బళ్ళో పిల్లలు గీసే బొమ్మల్లో ఇల్లు ఇలాగే ఉంటుంది," అంది దయామణి. "పైన ఒక గీత, కింద ఇద్దరు మనుషులు."

జయరాజుకి అడగాలనిపించింది. ఆ క్షణం అడిగేస్తే సరిపోయేది. కానీ వెనక పది అడుగుల దూరంలో, గొడుగు వేసుకుని, చంకలో పేపరు తడవకుండా పట్టుకుని ఇన్నయ్య మాస్టారు నిలబడి ఉన్నారు. అతను బల్ల బరువుగా ఉందా అని అడిగాడు. లేదంది ఆమె.

*

ఉయ్యాల గోడ ముందు వేలాడదీశారు. ఎంత అందంగా ఉందంటే, జైనాబ్ బీ వచ్చి చూసి, అద్దె మాట ఎత్తకుండా వెళ్ళిపోయింది. ఇక దాని మీద మొదటి ఫొటో మధ్యవర్తికే తియ్యాలని నిర్ణయమైంది. ఇన్నయ్య మాస్టారు కోటు తొడుక్కుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఎంత బిగబట్టినా ఉయ్యాల ఉయ్యాలే కదా. ప్లేటు కడిగి చూస్తే ఆయనకి రెండు ముక్కులు, మూడు కళ్ళజోళ్ళు వచ్చాయి.

"నలభై ఏళ్ళు పాఠం చెప్పాను. కదలకుండా కూర్చోవడం నాకు చేతకాదంటారా?" అని ఆయన నొచ్చుకున్నారు.

ఈస్టరు దగ్గర పడింది. ఇంక ఏదో ఒక కుర్చీ పడేద్దామన్నాడు జయరాజు. దయామణి ఉయ్యాల చుట్టూ తిరుగుతూనే ఉంది. తర్వాత తండ్రిని వెంటబెట్టుకుని దుర్గి వెళ్ళి, అక్కడి శిల్పుల చేత రెండు రాతి దిమ్మలు చెక్కించుకొచ్చింది. బల్ల కింద సరిగ్గా ఆనేంత ఎత్తు, చుట్టూ పూలతీగ. వాటిని బల్లకి కొంచెం లోపలగా పెట్టించింది. ముందునుంచి చూస్తే గొలుసులకి వేలాడుతున్న ఉయ్యాలే. ఎవరు కూర్చున్నా అంగుళం కదలదు.

జయరాజు ఉయ్యాల మీద కూర్చుని చూశాడు, లేచి చూశాడు, కెమెరా వెనక నల్లగుడ్డ కిందికి దూరి చూశాడు. బయటికొచ్చి ఆమెనే చూశాడు. ఇంత తెలివి ఈ ఊళ్ళో, ఈ సున్నం చేతుల మనిషి దగ్గర ఉంటే, తను సికింద్రాబాదు దాకా పోయి సింహం కాళ్ళ సోఫా కోసం అబద్ధాలాడాడు. అద్దం రేవులో ఆగిపోవడమే మేలైందని అతనికి మొదటిసారి అనిపించింది.

"నోరు తెరిచారు," అంది దయామణి.

"తెరిచానండి," అని ఒప్పుకున్నాడు.

*

ఈస్టరు సోమవారం పొద్దున్నే గురజాల బండికి పెళ్ళివారు దిగారు. కూలిపని చేసుకునే మణెమ్మ కూతురు పెళ్ళి. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, అతని మేనమామ, ఇంకా ఓ పది మంది. వీళ్ళ వెనక మరో రెండు పెళ్ళిళ్ళ వాళ్ళు గుమ్మం దగ్గర అద్దాల తెర పట్టుకుని చూస్తున్నారు. అరుగు మీద జైనాబ్ బీ కూర్చుంది.

మేనమామ గది నాలుగు వైపులా చూసి పెదవి విరిచాడు. "సోఫా లేదా? హంసలుంటయ్యంటే వచ్చాం. గోడ, ఉయ్యాల చూట్టానికి రైలెక్కి రావాల్నా? మళ్ళీ బండికి గుంటూరు పోదాం పాండి," అన్నాడు.

జనం కదిలారు. వీళ్ళు వెళితే వెనకవాళ్ళూ వెళతారు. మొదటిరోజే పెళ్ళివారు తిరిగిపోయిన స్టూడియోకి ఆ వేసవిలో ఇంకెవరూ రారు, రేపటికి ఇక్కడ బట్టల కొట్టు ఉంటుంది. జయరాజు కెమెరా పక్కనే నిలబడిపోయాడు. తను మొదట్లో చెప్పిన మాటే నిజమైంది.

మణెమ్మ మాత్రం కదల్లేదు. ఉయ్యాల గొలుసు మీది ఇత్తడి చిలకల్ని చూస్తోంది. అందులో ఒక చిలకకి ముక్కు విరిగి ఉంది.

"ఇది ధనుంజయరావుగారి ఉయ్యాల గదా," అంది మెల్లిగా. "ఆళ్ళ వాకిలి నేను ఊడుస్తా. నాకు పద్దెనిమిదేళ్ళప్పట్నించీ. వసారా మెట్టు ఎక్కింది లేదు. కింద నించే చూసేదాన్ని, ఊగుతుంటే చప్పుడు వినేదాన్ని."

దయామణి ఆమె దగ్గరికి వెళ్ళింది. "ఆయన వద్దని అమ్మేశాడు పిన్నీ. ఇప్పుడిది ఎవరు కూర్చుంటే వాళ్ళది. రా, కూర్చో."

"నేనా?"

"నువ్వే."

"పిల్లల్ని కూర్చోబెట్టమ్మా. నేను పక్కన నిలబడతాలే."

"ఇంట్లో కూర్చునే తీరిక నీకెప్పుడుంది? ఇక్కడన్నా కూర్చో."

మణెమ్మ కాళ్ళు ఒకదానికొకటి రుద్దుకుని మట్టి దులుపుకుంది. కొంగుతో బల్ల తుడిచింది. అంచున కూర్చుంది. తర్వాత కొంచెం కొంచెంగా వెనక్కి జరిగి, నిండుగా కూర్చుని, రెండు చేతులా గొలుసులు పట్టుకుంది. జయరాజు నల్లగుడ్డ కిందికి దూరాడు. అప్పుడామె ఉయ్యాల మీద కూర్చున్న ఎవరైనా చేసే పని చేసింది. కాలి బొటనవేలితో నేలని ఒక్క తన్ను తన్నింది.

ఉయ్యాల కదల్లేదు.

ఇంకోసారి తన్నింది. కిందికి వంగి రాతి దిమ్మల్ని చూసింది. "ఓసినీ, ఇన్నేళ్ళకి ఎక్కితే ఇది కదలదేందే," అంటూ తలెత్తి నవ్వింది. ముఖం నిండా, కళ్ళ నిండా నవ్వు.

జయరాజు చేతిలో, నొక్కితే ఫొటో పడే రబ్బరు బుడ్డి దానంతటది నొక్కుకుందా అన్నట్టు నొక్కుకుంది. ఆ ఫొటో ఎలా వస్తుందో ప్లేటు కడగకముందే అతనికి తెలుసు. కళ్ళు తుడుచుకోవడానికి ఇంకాసేపు నల్లగుడ్డ కిందే ఉండిపోయాడు.

పెళ్ళికూతురు వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. ఆ అమ్మాయీ కాలితో తన్ని నవ్వింది. పెళ్ళికొడుకు, నవ్వకూడదని ఎంతో ఆపుకుని, అతనూ తన్నాడు. మేనమామ కాసేపు మీసం సవరించుకుంటూ నిలబడి, ఎలాగూ వచ్చాం కాబట్టి తనదీ ఒకటి తియ్యమన్నాడు. గుమ్మం దగ్గరివాళ్ళు లోపలికి వచ్చారు. జైనాబ్ బీ బట్టల కొట్టువాడికి ఆ సాయంత్రమే వేరే చోటు చూసుకోమని కబురు పెట్టింది.

ఫొటో అంటే బిగుసుకుపోయి, ఎవరో పోయినట్టు ముఖం పెట్టి కూర్చునే రోజులవి. పేటలో జయరాజు స్టూడియోలో మాత్రం మనుషులు నవ్వుతారని గురజాల నుంచి నూజెండ్ల దాకా పాకిపోయింది. ఎందుకు నవ్వుతారో వచ్చినవాళ్ళు రానివాళ్ళకి చెప్పేవాళ్ళు కాదు.

*

ఆ రద్దీలో జయరాజు అడగాల్సింది అడగనేలేదు. ఎప్పుడు అడుగుదామన్నా పెళ్ళివాళ్ళు, లేకపోతే పేపరు చప్పుడు. దయామణి రోజూ సాయంత్రం వచ్చి, వచ్చినవాళ్ళ కొంగులూ తలపాగాలూ సర్ది, ఏ కిటికీ ఎంత తెరవాలో చెప్పి వెళ్ళిపోయేది. ఆమె వచ్చేవేళకి అతను తల దువ్వుకునేవాడు. దువ్వుకున్న సంగతి ఆమె చూసేది, చూడనట్టుండేది.

ఒకనాడు అద్దాల తెర తొలగించుకుని దస్తగిరి సాబు లోపలికి వచ్చాడు. అక్కని చూడటానికి వచ్చి, ఆమె చెబితే ఫొటోకి వచ్చానన్నాడు. గోడని తడిమాడు, రాతి దిమ్మల్ని వంగి చూశాడు. వీటికి ఎక్కడ మహసూలు కట్టావని నవ్వుతూ అడిగాడు. ఏ రేవూ దాటలేదు సాబ్ అని జయరాజు గర్వంగా చెప్పుకున్నాడు.

సాబు ఉయ్యాల మీద కూర్చున్నాడు. దయామణి ఆయన షేర్వాణీ కాలరు సరిచేసి, వెలుగు ఎక్కువైందని కిటికీ మూయమంది. మూస్తే చీకటవుతుందన్నాడు జయరాజు. అవదంది ఆమె. సగం మూశాడు. ఇంకొంచెం అంది. ఈ మాత్రం చాలని నల్లగుడ్డ కిందికి దూరాడు. సాబు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"రేవుల ఒకసారి అడిగిన. మళ్ళ అడుగుతున్న. ఈయన నీ పెనిమిటేనా బిడ్డా?"

దయామణి చెయ్యి కాలరు మీదే ఆగిపోయింది. అతని వైపు చూడకుండానే చెప్పింది.

"ఇంకా కాదు సాబ్."

నల్లగుడ్డ కింద నుంచి జయరాజు జుట్టంతా చెదిరిపోయి బయటికొచ్చాడు. ఎంతసేపు దువ్వుకున్నదో అంతా దండగ. "ఇంకా అంటే..." అన్నాడు.

"ఇంకా అంటే, మీరు అడగలేదని."

"అడిగితే ఒప్పుకుంటారా?"

"ముందు అడగండి. రేవులో ఎగ్గొట్టింది కూడా కలిపి."

జయరాజు రెండడుగులు ముందుకేశాడు. వానలో బల్ల కింద నిలబడ్డప్పటి నుంచి కూడబలుక్కున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. "దయామణీ, నీతో పోట్లాడందే నాకు పొద్దు పోవట్లేదు. నువ్వు సర్దిన గదిలోనే నా బతుకంతా ఉండాలని ఉంది. నన్ను చేసుకుంటావా?" అన్నాడు.

ఆమె తల ఊపింది. ఊపి, సున్నం మరకలు ఇంకా పూర్తిగా పోని చేతుల్లో ముఖం దాచుకుంది.

గుమ్మం దగ్గర పేపరు వెనక నుంచి ఇన్నయ్య మాస్టారి గొంతు వినిపించింది. "పెంతెకొస్తు పండగ అయ్యాక పెట్టుకుందాం. ముందు ఆ పెద్దమనిషి ఫొటో తియ్యి, పాపం ఇందాకట్నించీ ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు."

పేపరు తలకిందులుగా ఉన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు.

పెంతెకొస్తు వెళ్ళాక, మిషన్ గుళ్ళో పెళ్ళి జరిగింది. పెళ్ళి బట్టల్లోనే నేరుగా స్టూడియోకి వచ్చారు. కరుణమ్మ, మణెమ్మ, జైనాబ్ బీ అందరూ వెంట ఉన్నారు. కెమెరా సరిచేసి, రబ్బరు బుడ్డి మామగారి చేతిలో పెట్టి జయరాజు వెళ్ళి దయామణి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకేసారి కాలితో నేలని తన్నారు. ఉయ్యాల ఊగింది.

రాతి దిమ్మలు పొద్దున్నే మణెమ్మ, కరుణమ్మ కలిసి గోడ పక్కకి జరిపేశారు. ఆగండాగండి, చెదిరిపోతుందని జయరాజు అరుస్తున్నా వినకుండా ఇన్నయ్య మాస్టారు బుడ్డి నొక్కేశారు.

స్టూడియో తెరిచాక సరిగా రాని ఫొటో అదొక్కటే. ముఖాలు ఆనవాలు పట్టలేం. రెండు నవ్వులు, ఒకదానిలో ఒకటి కలిసిపోయి మాత్రం కనిపిస్తాయి. దాన్నే పెద్దది చేయించి, గుమ్మంలోకి రాగానే కనబడేలా గోడకి పెట్టారు.